మాటల యంత్రమును నిషిద్ధాక్షరియు

గత సంవత్సరము చలికాలములో తొమ్మిదవ తరగతి విద్యార్థులను "మా ఊరి పంటకాలము" అను విషయముపై ఒక వ్యాసము వ్రాసి తీసికొని రమ్మంటిమి. మా పాఠశాలకు వచ్చు పిల్లలలో పెక్కుమంది హోసూరు చుట్టుపట్ల పల్లెలలోని సేద్యగాండ్ర బిడ్డలు. వారి చేలలో పండునది రాగి; రాగి నడుమ సాళ్లలో అనుములు; నీటి వసతి యున్నచోట టమాటా, క్యాబేజి, గులాబి. మూడవ దినమున వ్యాసములు చేతికి వచ్చినవి. ఎఱ్ఱసిరా కలము తీసికొని దిద్దుటకు కూర్చుంటిమి.

మొదటి వ్యాసములో ఒక్క తప్పును లేదు. రెండవదియు అట్లే యుండెను. మూడవది చదువుచుండగా ఎక్కడనో చదివినట్లు తోచి దానిని మొదటిదాని ప్రక్కన పెట్టి చూచితిమి. మాటలు కొంచెము మారినవి గాని నడక మారలేదు. మూడింటిలోను పచ్చని వరిచేలు గాలికి ఊగుచున్నవి. కొబ్బరిచెట్ల నీడ కాలువగట్టుపై పడుచున్నది. తెల్లవారుజామున హరిదాసు అక్షయపాత్రను తలమీద పెట్టుకొని వీధివెంట వచ్చుచున్నాడు. రైతన్న ముఖమున చిరునవ్వు వెలుగుచున్నది. ఆ ముగ్గురు పిల్లల ఊళ్లును డెంకణికోట వైపున అడవి అంచున నున్నవి. ఆ వీధులలో హరిదాసును మేమెన్నడును చూచి యెఱుగము. ఆ పిల్లలును చూచి యుండరు.

నాలుగవ వ్యాసము ఒక బాలికది. అందులో తప్పులు పదునాలుగు. ఒత్తుల అలవాటు లేని తమిళపు లిపిని దినమెల్ల వ్రాసిన చేయి గనుక "ధాన్యము" కాస్తయు "దాన్యము" అయినది. కాని ఆ బాలిక వ్రాసిన విషయ మిది: రాగి వెన్నులు ముదురు వేళకు అడవినుండి యేనుగులు దిగును. తాత మంచెమీద రాత్రియంతయు మేలుకొని యుండి డబ్బా వాయించును. ఒకనాడు తానును మంచె యెక్కినది. చీకటిలో యేనుగు కనబడలేదు. రాగికాడలు విఱుగు చప్పుడు మాత్రము వినబడినది. మఱునాడు తాత చేనిలోనికి పోయి, ఏమియు మాటాడక గట్టుమీద కూర్చుండెను. ఆ దినము అమ్మ పితికిపప్పు వండినది. అయినను తాత సంగటి ముద్దను ముట్టలేదు.

మొదటి మూడు వ్యాసములను ఫోనులోని యంత్రము వ్రాసినదని మీరీపాటికి గ్రహించియే యుందురు. అడిగినంతనే పిల్లలు నిజము చెప్పిరి. వారిలో నొకడు వినయముగానే, "అయ్యవారూ, దానికి మాకంటె తెలుగు బాగా వచ్చును గదా, తప్పేమి?" అనెను. ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. తరువాత చదివి, అడిగి తెలిసికొని, మాలో మేము తర్కించుకొని కూర్చుకొన్న సమాధానమే యీ వ్యాసము.

యంత్రము ఆలోచింపగలదా యను ప్రశ్న నిన్న నేడు పుట్టినది కాదు. 1950లో అలన్ ట్యూరింగ్ అను ఇంగ్లండు గణితవేత్త "మైండ్" అను పత్రికలో ఈ విషయమునే చర్చించెను. ఆలోచన యనగా నేమో నిర్వచించుట కష్టము గనుక ఆయన దానికి బదులుగా ఒక ఆటను ప్రతిపాదించెను. తెరచాటున ఒక మనిషియు, ఒక యంత్రమును ఉందురు. ఇవతల కూర్చున్నవాడు వ్రాతమూలముగా ప్రశ్నలు వేయును. వచ్చిన జవాబులను బట్టి ఏది మనిషిదో ఏది యంత్రముదో తేల్చలేకపోయినచో ఆ యంత్రము ఆలోచించుచున్నదని ఒప్పుకొనుటకు మనకు అభ్యంతర మేమి?

ఆ వ్యాసములో ఒక చిన్న తమాషా కలదు. ప్రశ్నించువాడు 34957కు 70764 కలుపుమని అడుగును. అవతలినుండి సుమారు ముప్పది సెకండ్లు ఆగి 105621 అని జవాబు వచ్చును. విద్యార్థులారా, ఇక్కడ చదువుట ఆపి ఒక్కసారి కూడి చూడుడు. ఆ జవాబు తప్పు. మనిషిని అనుకరింపదలచిన యంత్రము కావలెననియే తడవు చేసి, కావలెననియే తప్పు చెప్పవచ్చునని ట్యూరింగ్ ఎఱుగును. లెక్క తప్పుట మనిషి గుర్తు అని ఆయన అనుకొనెను. పదునాలుగు తప్పుల వ్యాసము మనిషిదని, తప్పులేని వ్యాసము యంత్రముదని మేము కనిపెట్టిన విధమును ఇంచుమించు ఇదియే. కాని ఈ గుర్తు ఎల్లకాలము పనిచేయదు. తప్పులు చేర్చి వ్రాయుమన్నచో యంత్రము అట్లును వ్రాయును.

"కృత్రిమ మేధ" అని మనము తెలుగులో చెప్పుకొను పేరు ఇంగ్లీషులో 1955–56లో పుట్టినది. జాన్ మెకార్తీ మొదలగువారు 1956 వేసవిలో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జరిపిన సమావేశమునకు ఆ పేరు పెట్టిరి. పేరు పెట్టి పది సంవత్సరములు కాకముందే మాటాడు యంత్ర మొకటి తయారైనది. జోసెఫ్ వైజెన్‌బామ్ అను ఆచార్యుడు మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో "ఎలైజా" అను కార్యక్రమమును నిర్మించి 1966లో దాని వివరములు ప్రకటించెను. దాని పని మిక్కిలి సులభము. "మా అమ్మ నన్ను కోపపడినది" అని టైపు చేసినచో, "మీ కుటుంబమును గూర్చి ఇంకను చెప్పుడు" అని జవాబిచ్చును. అమ్మ అన్న మాట కనబడగానే కుటుంబము అన్న మాట తీయుమని దానికి ముందే చెప్పి పెట్టినారు. అంతకు మించి అందులో నేమియు లేదు. అట్లయినను వైజెన్‌బామ్ కార్యదర్శి, ఆ యంత్రము తయారగుట నెలల తరబడి కన్నులార చూచిన మనిషియే, దానితో కొంచెము సేపు సంభాషించి, తమ మాటలు రహస్యముగా నుండవలెనన్నట్లు ఆయనను గదిలోనుండి బయటికి పొమ్మనెనట. ఈ సంగతి ఆయనయే తరువాత వ్రాసికొనెను. ఆ దృశ్యము ఆయనను కలవరపెట్టినది. యంత్రముల మీద మనుష్యులకు కలుగు ఈ నమ్మకమును గూర్చి హెచ్చరించుచు ఆయన 1976లో ఒక గ్రంథమే వ్రాసెను. మాటకు మాట వచ్చినచో అవతల మనస్సున్నదని నమ్ముట మానవుని స్వభావము. బొమ్మకు పాలు పట్టు పసిపిల్ల మొదలుకొని మనమందరమును అట్టివారమే.

ఇప్పటి యంత్రము ఎలైజావంటిది కాదు. దానిని గూర్చి కొంచెము నిదానముగా చెప్పుకొనవలెను.

"ఆకాశములో నల్లని" అని మేము బల్లమీద వ్రాసి ఆపినచో, తరగతిలో ముప్పదిమంది "మబ్బులు" అందురు. ఒకరిద్దరు "మేఘములు" అనవచ్చును. "ఏనుగులు" అని ఎవరును అనరు. యంత్రము చేయునదియు ఇదియే. ఇంతవరకు వచ్చిన మాటలను చూచి, తరువాత రాదగిన ముక్క ఏదో ఒక్కొక్క ముక్కకు ఎంత అవకాశమున్నదో లెక్కించును. అధికముగా అవకాశమున్న వానిలోనుండి ఒకదానిని తీసికొని చేర్చును. ఆ చేర్చినదానితో కలిపి మరల మొదటినుండి లెక్కించి ఇంకొక ముక్క చేర్చును. వ్యాసము పూర్తియగువరకు ఇదే పని. ఈ లెక్క దానికి ఎట్లు వచ్చినదనగా, మనుష్యులు వ్రాసిన అపారమైన వ్రాతను దానికి చూపి, ప్రతిచోటను తరువాతి ముక్కను ఊహింపుమని, ఊహ తప్పినప్పుడెల్ల లోపలి అంకెలను రవంత రవంత సవరించుచు వచ్చిరి. 2020లో వెలువడిన జీపీటీ-3 అను యంత్రములో ఇట్టి అంకెలు 17,500 కోట్లు. వానిని సవరించుటకు దానికి చూపిన ముక్కలు సుమారు 30,000 కోట్లు. మీవంటి పదమూడేండ్ల బాలుడు పుట్టినది మొదలు ఈనాటివరకు వినిన, చదివిన మాటలన్నియు కలిపినను పది కోట్లకు లోపుగనే యుండునని పండితుల అంచనా. మీ తలలోని యంత్రము నడచుటకు కావలసిన శక్తి సుమారు ఇరువది వాట్లు; చిన్న విద్యుద్దీపమునకు చాలునంత.

"ముక్క" అంటిమి గదా, అది అక్షరమును కాదు, మాటయును కాదు. ఇందులో తెలుగువారికొక చిక్కు కలదు. కంప్యూటరులో అన్ని భాషల లిపులకును అంకెలు కేటాయించు యూనికోడ్ పద్ధతిలో 1991 నుండియే తెలుగునకు చోటున్నది. ఆ అంకెలను దాచు సాధారణ విధానములో ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగులో ప్రతి హల్లునకు మూడు, ప్రతి గుణింతపు గుర్తునకు మూడు కావలెను. "తెలుగు" అన్న మాటలో మన కంటికి మూడక్షరములే. యంత్రమునకు మాత్రము మూడు హల్లులు, మూడు గుర్తులు, వెరసి పదునెనిమిది బైట్లు. అదే మాటను ఇంగ్లీషు లిపిలో వ్రాసినచో ఆఱు. పైగా ఏ భాష ఎక్కువ చూపినారో ఆ భాష మాటలు పెద్ద ముక్కలుగా నిలుచును. తక్కువ చూపిన భాష నుగ్గునుగ్గగును. జీపీటీ-3కి చూపిన వ్రాతలో మాటల లెక్కన నూటికి తొంబదికి పైగా ఇంగ్లీషే. మన దేశములో తెలుగు మాతృభాషగా గలవారు 2011 జనాభా లెక్కల ప్రకారము 8 కోట్ల 11 లక్షలు. నోటిలో నున్న భాష వేరు, కంప్యూటరుకెక్కిన వ్రాత వేరు అనుటకు ఇంతకంటె నిదర్శన మక్కఱలేదు. తరువాతి యంత్రములు తెలుగును దీనికంటె చాల బాగుగా నేర్చినవి. లేకున్న మా ముగ్గురు శిష్యుల వ్యాసములు అంత నున్నగా వచ్చియుండవు.

మఱి యంత్రము వెనుకటి మాటలను ఎట్లు గుర్తుంచుకొనును? ఈ వాక్యము చూడుడు: "రైతు గంపను తలమీద పెట్టుకొని సంతకు వెళ్లెను, అది మిక్కిలి బరువుగా నుండెను." బరువుగా నున్నది ఏది? గంపయా, తలయా, సంతయా? మనకు సందేహమే లేదు. యంత్రము "అది" యను మాట దగ్గఱకు వచ్చినప్పుడు వెనుకటి ముక్కలలో దేనిమీద ఎంత దృష్టి నిలుపవలెనో లెక్కగట్టును. 2017లో గూగుల్ సంస్థ పరిశోధకులు కొందఱు ఈ దృష్టి నిలుపు పద్ధతినే ముఖ్యాధారముగా జేసి ఒక నిర్మాణమును ప్రకటించిరి. 2022 నవంబరు 30వ తేదీన లోకమునకు విడుదలయైన చాట్‌జీపీటీకిని, నేటి మాటల యంత్రములలో చాలవానికిని మూలమదియే. ఆ పద్ధతికి వారు పెట్టిన ఇంగ్లీషు పేరును తెనిగించవలెనన్న మనకు సిద్ధముగా ఒక మాటయున్నది: అవధానము.

అవధాన మనగానే మాకు ఇంకొక సభ జ్ఞాపకమునకు వచ్చినది. మీలో కొందఱైనను అష్టావధానమును చూచియుందురు. చూడనివారి కొఱకు చెప్పుచున్నాము. ఎనమండుగురు పృచ్ఛకులు చుట్టును కూర్చుందురు. ఒకరు సమస్య నిత్తురు, ఒకరు దత్తపది, ఒకరు వర్ణన యడుగుదురు. ఒకరు నడుమ నడుమ గంట కొట్టుదురు, ఎన్ని గంటలైనవో అవధాని లెక్క చెప్పవలెను. ఒకరు అప్రస్తుత ప్రసంగముతో ఆయన ధ్యాసను చెడగొట్టుటయే పనిగా పెట్టుకొందురు. ఇవన్నియు మనస్సున నిలుపుకొని చివరకు పద్యములన్నియు వరుసగా అప్పగింపవలెను. తిరుపతి వేంకట కవులు ఈ విద్యను ఊరూర ప్రదర్శించి దానికి తెలుగునాట గొప్ప ప్రచారము తెచ్చిరి. వారిలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు (1870–1950) చిన్నతనమున యానాములో చదువుకొన్నవారు. ఆ ఊరి మాట తలచినప్పుడు, మనవలె ఆంధ్రదేశపు సరిహద్దులకు వెలుపల బెరిగిన తెలుగుచోటు ఈ కథలో నొకటి యున్నదని మాకు లోలోపల సంతోషము.

ఆ యెనిమిదింటిలో నిషిద్ధాక్షరి అను అంశ మొకటి కలదు. అవధాని పద్యమును ఒక్కొక్క అక్షరముగా చెప్పవలెను. ఆయన ఒక అక్షరము చెప్పగానే, తరువాత ఏ అక్షరము రాగలదో పృచ్ఛకుడు ఊహించి దానిని కూడదని నిషేధించును. అవధాని "శ్రీ" అన్నాడనుకొందము. శ్రీరామ అనబోవుచున్నాడని తలచి పృచ్ఛకుడు "రా నిషేధము" అనును. అవధాని "కం" అని వేఱొక దారి పట్టును. శ్రీకంఠ యగునని గ్రహించి పృచ్ఛకుడు "ఠ నిషేధము" అనును. అవధాని మరల ఆగి వెదకవలెను. ఛందస్సు చెడరాదు, వ్యాకరణము తప్పరాదు, అడిగిన భావము విడువరాదు. సభ ఊపిరి బిగబట్టి కూర్చుండును.

చూచితిరా! పృచ్ఛకుడు చేయుచున్న పని ఏమి? తరువాత ఏది రావచ్చునో ఊహించుట. అక్షరాల అదియే నేటి యంత్రము చేయు పని. యంత్రము ఊహించి, ఊహించినదానినే వ్రాయును. పృచ్ఛకుడు ఊహించి, ఊహించినదానినే వలదనును. సులభముగా వచ్చు మాట తలుపులు మూసికొనిన తరువాత అవధాని ఒక క్షణము మౌనముగా నుండును గదా, ఆ మౌనములో జరుగునదే మేము ఆలోచన యనుకొను వస్తువు. మా శిష్యుడు అడిగిన ప్రశ్నకు మాకు తోచిన జవాబు ఇక్కడ దొరకినది. యంత్రమునకు తెలుగు బాగుగనే వచ్చును. "పంటకాలము" అనగానే తెలుగు వ్రాతలో ఎక్కువసార్లు ఏమి వచ్చినదో అది దానికి చక్కగా తెలియును: వరిచేలు, కాలువగట్టు, హరిదాసు, రైతన్న చిరునవ్వు. పుస్తకములలోను పత్రికలలోను వాని సంఖ్య అధికము. డెంకణికోట అడవి అంచున రాగిచేనిలో మంచెమీద కూర్చున్న ముసలివాని సంఖ్య అత్యల్పము. యంత్రము అబద్ధ మాడలేదు. సగటు మాట చెప్పినది. మన ఊరు సగటున లేదు.

ఇంతమాత్రమున యంత్రమునకు ఆలోచనయే లేదని కొట్టివేయుట తగదు. 1997లో డీప్ బ్లూ అను కంప్యూటరు కాస్పరోవ్‌ను చదరంగములో ఓడించినప్పుడు, అది సెకండునకు ఇరువది కోట్ల స్థితులను వెదకుటయే గాని ఆలోచన గాదని పలువురు సమాధానపడిరి. 2025లో అంతర్జాతీయ గణిత ఒలింపియాడులోని ఆఱు లెక్కలలో ఐదింటిని యంత్రములు సాధించి స్వర్ణపతక స్థాయిని అందుకొన్నవి. ఆ లెక్కలకు వట్టి వెదకులాట చాలదు. తరువాతి ముక్కను సరిగా ఊహింపవలెనన్నచో కొన్నిచోట్ల విషయమును గ్రహింపక తప్పదేమో, ఆ గ్రహింపు ఎట్టిదో, దానిని నిర్మించినవారే ఏకాభిప్రాయముగా చెప్పలేకున్నారు. ఈ విషయములో మేమును తీర్పు చెప్పము. ఒక్క సంగతి మాత్రము నిశ్చయముగా చెప్పగలము. యంత్రము ఆలోచించినను ఆలోచింపకున్నను, అది వ్రాసిన దినమున మా ముగ్గురు శిష్యులు ఆలోచింపలేదు. ఆ బాలిక ఆలోచించినది. రాగికాడలు విఱుగు చప్పుడునకు మాట వెదకుకొనుచు ఆమె ఎంతసేపు కలము పట్టుకొని కూర్చుండెనో మాకు తెలియదు. ఆ వాక్యములో రెండుచోట్ల కొట్టివేత లున్నవి.

ఇక తల్లిదండ్రులతో ఒక మాట. తల్లిదండ్రుల సమావేశములో ఒక పెద్దాయన లేచి, "అయ్యవారూ, ఇంట తెలుగు, వీధిలో తమిళము, సంతకు పోతే కన్నడము, ఉద్యోగమునకు ఇంగ్లీషు. పిల్లవాని నెత్తిన ఇన్ని మూటలు. ఇప్పుడు ఫోనే ఏ భాషనైనను మార్చి చెప్పుచున్నది. ఇంక తెలుగు వ్రాత నేర్పించుట ఎందులకు?" అని అడిగెను. ఆయన మాటలో వెటకారము లేదు, బాధ యున్నది. పోయిన యేడు బ్యాంకునుండి వచ్చిన ఇంగ్లీషు కాగితమును ఫోను తెలుగులో చదివి వినిపించినదనియు, ఇంతకు పూర్వము దానికొఱకు ఎవరో ఒకరి వాకిట నిలుచుండవలసి వచ్చెడిదనియు ఆయనయే చెప్పెను. ఆ మేలును మేము కాదనము. అట్టి పనికి ఫోనును వాడుకొనుడనియే మేమును చెప్పుదుము.

కాని ఆయనను మేమొక ప్రశ్న అడిగితిమి: "మీ యింట అనపకాయల కాలములో గింజలను నానబెట్టి తోలు పితికి వండు పప్పునకు పేరేమి?" ఆయన నవ్వి "పితికిపప్పు" అనెను. "ఫోను నడుగుడు" అంటిమి. ప్రక్కనున్న కుమారుడు అడిగెను. యంత్రము ఆ మాటకు ఏదో ఒక జవాబు వెంటనే చెప్పినది. తెలియదని మాత్రము చెప్పలేదు. ఆ జవాబు విని తల్లులందఱును నవ్విరి. ఆ చెప్పిన ధోరణి మాత్రము ఎంత నిబ్బరముగా నుండెననగా, పితికిపప్పు ఎఱుగనివాడు దానిని తప్పక నమ్మును. ఇక్కడనే మాకు భయము. ఈనాడు తల్లులు నవ్విరి. ఇరువదియేండ్ల తరువాత అదే జవాబు విని నవ్వుటకు, ఆ మాట నెఱిగినవారు ఆ గదిలో ఉందురా? కోస్తాలో బొబ్బర్లన్నది ఇక్కడ అలసందలు. అక్కడి మేడ ఇక్కడ మిద్దె. ఇవి అనేక గ్రంథములలో నున్నవి గనుక నిలుచును. అట్లు గ్రంథములకెక్కని మాటలు మన యిండ్లలో నెన్నియో కలవు. యంత్రము చదువునది వ్రాసియున్నదానినే. మన తాతల మాట వ్రాతలో లేకున్నచో దానికది పుట్టనే లేదు. మీ పిల్లవానికి తెలుగు వ్రాత రాకపోయినచో ఆ మాటను వ్రాయువా రెవరు?

తరువాతి వారము మేము తరగతిలో నిషిద్ధాక్షరిని కొంచెము మార్చి ఒక ఆట పెట్టితిమి. అక్షరములకు బదులు మాటలను నిషేధించుట. "వాన" అని బల్లమీద వ్రాసితిమి. వాన యనగానే ఎవరికి ఏ మాట తోచునో మొదట అందఱిచేతను చెప్పించితిమి: చిటపట, మట్టివాసన, కాగితపు పడవ, నల్లని మబ్బులు, గొడుగు, నెమలి, పకోడీలు. వానిని బల్లమీద వ్రాసి ఒక్కొక్కదానిమీద గీత కొట్టితిమి. ఇవి గాక వానను గూర్చి అయిదు వాక్యములు వ్రాయుడంటిమి. మొదటి పది నిమిషములు తరగతిలో కలము కదలలేదు. మేమును భయపడితిమి. తరువాత వచ్చినవి చూడుడు: వానకు తడిసిన గులాబి కట్టలను సంతలో సగము ధరకును అడుగలేదని ఒకడు, రేకుల కప్పుమీద వాన పడుచుండగా నాయన ఫోనులో ఏమి చెప్పుచున్నాడో వినబడక అమ్మ ఏడ్చినదని ఒకతె, వాన రాదేమోయని అవ్వ ప్రతి సాయంకాలము పడమటి కొండవైపు చూచి ఏమియు అనక లోపలికి పోవునని ఇంకొకడు. ఈ మూడును ఈ సంచికలోనే వేఱుచోట అచ్చువేసినాము. బాలిక వ్యాసమును, ఒత్తులు మాత్రము దిద్ది, మొదటి పుటలో వేసినాము. ఆమె తాతగారికి చదివి వినిపింపగా, తాను వాయించునది డబ్బా కాదు, పాత పళ్లెమని ఆయన సవరించెనట. ఆ సవరణ వచ్చునప్పటికి అచ్చు పూర్తియైనది గనుక ఇక్కడ తెలుపుచున్నాము.

ఇంక ఆ మొదటి ప్రశ్న వేసిన శిష్యుని సంగతి. వాడు మమ్ము తేలికగా విడువలేదు. నిషిద్ధపదముల పట్టికను యంత్రమునకే ఇచ్చి, వరిచేలు, కాలువగట్టు, హరిదాసు, చిరునవ్వు లేకుండ, హోసూరు ప్రాంతపు రాగిచేనిని గూర్చి వ్రాయుమని అడిగి, వచ్చినదానిని తెచ్చి మా చేతికిచ్చెను. ఉన్నమాట చెప్పవలెను, అది మొదటి దానికంటె చాల బాగుండెను. అందులో మంచె యున్నది, చీకటి యున్నది, ఏనుగును ఉన్నది. "ఇప్పుడేమందురు?" అన్నట్లు వాడు నిలుచుండెను. మేము కాగితము తిరిగి వానికే ఇచ్చి, "నీ ఊరివాడవు గదా, నీవే దిద్ది తెమ్ము" అంటిమి.

రెండు దినముల తరువాత తెచ్చెను. "వేసవి రాత్రి" అన్నచోట కొట్టివేసి, "ఏనుగులు వచ్చునది రాగి కోతల ముందర, చలిలో" అని ప్రక్కన వ్రాసినాడు. తాత యేనుగునకు అరటిపండ్లు పెట్టి సాగనంపిన ఘట్టమునకు అడ్డముగా పెద్ద గీత. దాని క్రింద, "మా పెదనాయన చేనిలో పోయిన యేడు అట్లు జరుగలేదు" అని మొదలుపెట్టి పదునొకండు వాక్యములు స్వయముగా వ్రాసినాడు. "కంకులు" అన్నచోట "వెన్నులు" చేసినాడు. చివరికి యంత్రము వ్రాసినదానిలో మిగిలినవి నాలుగే వాక్యములు. వానిలో రెండు నిజముగా మంచివి. తానట్లు వ్రాయలేనని వాడే ఒప్పుకొనెను. వానివైన వాక్యములలో ఒత్తులు తప్పినవి, ఒకటి పూర్తి కాలేదు. ఆ కాగితము ఇప్పటికిని మా బల్లమీదనే యున్నది. దానికి ఎన్ని మార్కులు వేయవలెనో మేమింకను తేల్చుకొనలేదు.